ఓడిన తీర్పులు

మలక్‌పేట పేరు చెప్పగానే హైదరాబాదు ఎరిగినవాళ్ళకి రెండు సంగతులు గుర్తుకొస్తాయి. ఒకటి గంజిలో మిరపకాయల ఘాటు, రెండోది రేసుకోర్సులో గుర్రాలు. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలం నుంచీ గుర్రప్పందాలతో ముడిపడిన నేల ఇది. పందెం మొహం చూడని ఇంట్లో పుట్టినా సరే, గుర్రాల భాష నాలుగు ముక్కలైనా చెవిన పడకుండా ఇక్కడ పెరగడం కష్టం.

చిన్నప్పుడు నాకు వింతగా తోచిన విషయం ఒకటుంది. బాగా పరుగెత్తే గుర్రం మీద ఎక్కువ బరువు వేస్తారట. జీనుగుడ్డ జేబుల్లో సీసపు బిళ్ళలు పెట్టి మరీ వేస్తారట. ఇరానీ హోటల్ ముందు ఎవరో అనుకుంటూండగా విని, ఇంటికి వెళ్ళి నాన్నగారిని అడిగాను. "బాగా పరుగెత్తినందుకు శిక్షా?" అని. ఆయన చదువుతున్న పత్రికలోంచి తల ఎత్తకుండానే, "శిక్ష కాదురా. పందెం పందెంలా ఉండాలిగా" అన్నారు. అంతటితో ఆ ప్రశ్న ముగిసిందనుకున్నాను. ముప్ఫై ఏళ్ళ తరువాత అది ఒక సుప్రీంకోర్టు తీర్పులో మళ్ళీ ఎదురవుతుందని అప్పుడు తెలియదు.

నాన్నగారు హైకోర్టులో కాపీయిస్టు. 1954 జులైలో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు మొదలైనప్పుడు కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రవాళ్ళలో ఆయనొకరు. 1956 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ఏర్పడగానే హైకోర్టు హైదరాబాదుకు తరలింది. ఆ దస్త్రాల వెనకే ఆయనా ఒక ట్రంకుపెట్టె, ఒక పరుపుచుట్టతో వచ్చి, మూసీకి ఇవతల మలక్‌పేటలో వాటా అద్దెకు తీసుకున్నారు. నది ఒడ్డున ఎర్రరాతి గుమ్మటాల కింద ఉన్న ఆ కోర్టుకు సైకిలు మీద వెళ్ళేవారు. గుంటూరులోనూ హైదరాబాదులోనూ కూడా ఆ హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తి ఒకరే: జస్టిస్ కోకా సుబ్బారావు.

నాన్నగారు ఆయనను దూరం నుంచి చూడటమే. కాపీయిస్టుకీ ప్రధాన న్యాయమూర్తికీ మధ్య ఎన్ని గుమ్మాలుంటాయో మీకు తెలియనిది కాదు. అయినా మా ఇంట్లో సుబ్బారావుగారి పేరు ఇంటి పెద్దల పేరులాగే వినిపించేది. ఆయన రాజమండ్రిలో 1902 జులై 15న పుట్టారు. న్యాయవాది అయిన తండ్రిని చిన్నతనంలోనే పోగొట్టుకున్నారు. రాజమండ్రి ఆర్ట్స్ కళాశాలలో చదివి, మద్రాసులో న్యాయశాస్త్రం ముగించారు. కొద్ది నెలలు బాపట్లలో జిల్లా మునసబు ఉద్యోగం చేసి, అది వదిలి తిరిగి మద్రాసులో వకాలతుకు వచ్చారు. బావగారైన పి.వి. రాజమన్నారుతో కలిసి ప్రాక్టీసు చేశారు. ఆ రాజమన్నారే తరువాత మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి, మనకు నాటకకర్తగానూ తెలిసినవారు. సుబ్బారావుగారు 1948లో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి అయ్యారు. అక్కణ్ణుంచి గుంటూరు, గుంటూరు నుంచి హైదరాబాదు, 1958 జనవరిలో ఢిల్లీ.

నాన్నగారికి వృత్తిధర్మం ఒకటుండేది. న్యాయమూర్తులు ఏకాభిప్రాయానికి రాని కేసులో కాపీ కోరినవాడికి నెగ్గిన తీర్పుతో పాటు ఓడిన తీర్పునూ ఇవ్వాలి. ఎవడూ దాన్ని అమలు చెయ్యడు. దానివల్ల ఎవడికీ ఎకరం భూమి రాదు, ఒక్కరోజు జైలు తప్పదు. అయినా అక్షరం పొల్లుపోకుండా టైపు చెయ్యాలి, సరిచూడాలి, ముద్ర వెయ్యాలి. "పేజీల లెక్క రెంటికీ ఒకటేరా" అనేవారు. ఓడిన తీర్పును సరిచూసేటప్పుడు మరికాస్త జాగ్రత్తగా ఉండేవాణ్ణని కూడా అన్నారొకసారి. ఎందుకని అడిగితే, "నెగ్గినదాన్ని నలుగురూ చదువుతారు, తప్పుంటే ఎవడో ఒకడు పట్టుకుంటాడు. ఓడినదాన్ని ఇప్పుడెవడూ చదవడు. ఎప్పుడో చదివేవాడికి అది సరిగ్గా ఉండాలి" అన్నారు.

సుబ్బారావుగారు సుప్రీంకోర్టుకు వెళ్ళాక ఈ మాటకు సరిపోయే మనిషయ్యారు. నానావతి కేసులో 1961లో తీర్పు రాసినది ఆయనే. దాన్ని దేశమంతా చదివింది. కానీ నేను చెప్పదలచుకున్నది ఆయన ఓడినచోట్ల గురించి.

ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే వ్యక్తి మీద 1941లో బందిపోటు కేసు పెట్టారు. సాక్ష్యం లేదని వదిలేశారు. వదిలేశారు గాని పోలీసులు ఆయన పేరిట హిస్టరీ షీటు తెరిచారు. అర్ధరాత్రి వచ్చి తలుపు కొట్టడం, ఉన్నాడా లేడా అని చూడటం, ఎక్కడికి వెళుతున్నాడో ఆరా తీయడం. ఆయన సుప్రీంకోర్టుకెక్కాడు. 1962 డిసెంబరు 18న ఆరుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. రాత్రివేళ ఇంటికి రావడం చెల్లదని ఆరుగురూ అన్నారు. మిగిలిన నిఘా చెల్లుతుందని, గోప్యత అనేది మన రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదని నలుగురు అన్నారు. సుబ్బారావుగారు ఒప్పుకోలేదు. జస్టిస్ షా ఆయనతో కలిశారు. గోప్యత అన్న మాట రాజ్యాంగంలో లేకపోయినా వ్యక్తి స్వేచ్ఛలో అది విడదీయరాని భాగమని, కాళ్ళకు సంకెళ్ళు వెయ్యకపోయినా మనసుకు వేసే సంకెళ్ళు ఉంటాయని ఆయన వాదం. ప్రతి అడుగునూ ఎవరో కనిపెడుతున్నారని తెలిసినవాడికి తెరిచి ఉన్న దారులన్నీ చెరసాల వరండాలే గదా! నలుగురు ఒకవైపు, ఇద్దరు ఒకవైపు. ఆ ఇద్దరిదీ ఓడిన తీర్పు.

మరుసటి ఏడాది దేవదాసన్ కేసు. కేంద్ర సచివాలయంలో అసిస్టెంట్ సూపరింటెండెంట్ల కొలువులు. షెడ్యూల్డు కులాల, తెగల అభ్యర్థులు దొరకక మిగిలిపోయిన ఖాళీలను తరువాతి సంవత్సరాలకు కలుపుతూ పోయే నిబంధన ఒకటుండేది. అలా కలిపేసరికి ఆ యేడు 45 ఖాళీలలో 29 వారికే దక్కాయి. ఇది సమానావకాశానికి విరుద్ధమని అయిదుగురిలో నలుగురు కొట్టేశారు. ఒక్కరు మాత్రం కాదన్నారు. ఆ ఒక్కరు సుబ్బారావుగారు. అందులో ఆయన తన మాట తేటపడటానికి ఎంచుకున్న ఉపమానం ఏమిటో తెలుసా? గుర్రప్పందెం! మేలుజాతి పందెపు గుర్రాన్నీ మామూలు గుర్రాన్నీ ఒకే గీత మీద నిలబెట్టి పరుగెత్తమంటే కాగితం మీద అది సమానావకాశమే, నిజంలో మాత్రం కాదు. అందుకే ఒకదానికి బరువు పెంచడమో, రెండోదాన్ని ముందుగా నిలబెట్టడమో చేస్తారని ఆయన వివరణ. రిజర్వేషను ఇచ్చే అధికరణం సమానత్వానికి మినహాయింపు కాదనీ, సమానత్వాన్ని నిజం చేసే ఉపాయమనీ దాని సారం.

ఆ పేజీ మొదటిసారి చదివిన రోజున పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. ఇరానీ హోటల్, సీసపు బిళ్ళలు, పత్రికలోంచి తల ఎత్తని నాన్నగారు... అన్నీ ఒక్కసారి గుర్తుకొచ్చాయి.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పుకోవాలి. చెప్పకుండా ఈ టపా ముగిస్తే నిజాయితీ కాదు.

1994లో నేను పనిచేసే సంస్థలో, పేరు అనవసరం, స్టోర్సులో సరుకు తరుగు వచ్చింది. స్టోర్‌కీపరు మీద విచారణకు ముగ్గురితో ఒక కమిటీ వేశారు. అందులో చిన్నవాణ్ణి నేను. గదికి రెండు తాళంచెవులుండేవి. రెండోది ఎవరి దగ్గర ఉండేదో ఎవరూ గట్టిగా అడగలేదు. మనిషి తప్పు చేశాడనడానికి ఆధారం చాలదని నాకు తోచింది. తోచిందేమిటి, అరపేజీ రాసుకున్నాను కూడా. చివరి సమావేశంలో పెద్దాయన మెత్తగా అన్నాడు, "ముగ్గురిదీ ఒకటే మాటగా ఉంటే నివేదిక బలంగా ఉంటుందండీ" అని. ఎవరూ బెదిరించలేదు, ఆశ పెట్టలేదు. నేను ఆ అరపేజీని మడిచి చొక్కాజేబులో పెట్టుకుని సంతకం చేశాను. ఇద్దరు ఎలాగూ ఒకవైపున్నారు, నేను రాసినా ఫలితం మారదుగదా అని సమాధానం చెప్పుకున్నాను. ఆ మనిషి ఉద్యోగం పోయింది.

నాలుగేళ్ళ తరువాత ఒక సాయంత్రం ఒక వకీలు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. లేబరు కోర్టులో ఆ స్టోర్‌కీపరు తరఫున వాదిస్తున్నాడు. ఒకటే ప్రశ్న అడిగాడు: "సార్, ఫైల్లో మీలో ఎవరైనా వేరుగా రాసిన నోటు ఏమైనా ఉందా?" లేదన్నాను. "నివేదికలో ఏకగ్రీవంగా అని ఉంది, అందుకని అడిగాను" అని, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. నేనే వచ్చి సాక్ష్యం చెబుతానని అనడానికి నోరు రాలేదు. కేసు పోయింది. వరండాలో పడకకుర్చీలో ఉన్న నాన్నగారు అంతా విన్నారు. నన్ను మందలించలేదు. "కాపీ అడిగినవాడికి ఇవ్వడానికి ఏమీ లేదన్నమాట" అన్నారు, అంతే.

నేను సుబ్బారావుగారి తీర్పులు వెతికి చదవడం మొదలుపెట్టింది ఆ తరువాతే. ఫలితం మారదని తెలిసీ ఒక మనిషి అంత శ్రద్ధగా ఎందుకు రాస్తాడో తెలుసుకోవాలనిపించింది.

ఆయన ఎప్పుడూ ఓడినవారేం కాదు. 1966 జూన్ 30న భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. 1967 ఫిబ్రవరి 27న గోలక్‌నాథ్ తీర్పు వచ్చింది. పంజాబులో జలంధరుకు చెందిన ఒక కుటుంబానికి అయిదువందల ఎకరాలకు పైబడి భూమి. భూపరిమితి చట్టం దానిలో అధికభాగం మిగులన్నది. ఆ దావా చివరకు, ప్రాథమిక హక్కులను హరించేలా రాజ్యాంగాన్ని సవరించే అధికారం పార్లమెంటుకు ఉందా అన్న ప్రశ్న దగ్గరకు చేరింది. పదకొండుమందిలో ఆరుగురు లేదన్నారు, అయిదుగురు ఉందన్నారు. ఇకముందు చేసే సవరణలకే ఈ సూత్రం, వెనకటివి చెల్లుతాయి అని ఆయనొక మార్గం చూపారు. దాని మూలాలు అమెరికా న్యాయశాస్త్రంలో, 1932లో జస్టిస్ కార్డోజో రాసిన తీర్పు వంటివాటిలో ఉన్నాయి. భూస్వాముల ఆస్తికి కోర్టు కంచె వేసిందన్న విమర్శ అప్పుడే వచ్చింది. ఆ విమర్శలో బలం లేదని నేననను. ఖరక్ సింగ్ తలుపును కాపాడినదీ, గోలక్‌నాథుల పొలం కేసులో నిలిచినదీ ఒకే కలం. ఆయన దృష్టిలో రెండూ పౌరుడికీ ప్రభుత్వానికీ మధ్య గీసిన ఒకే గీత.

1967 ఏప్రిల్ 10న, పాస్‌పోర్టు ఇవ్వడం ప్రభుత్వం దయ కాదు, విదేశాలకు వెళ్ళడం వ్యక్తి స్వేచ్ఛలో భాగమని సత్వంత్ సింగ్ కేసులో తీర్పు చెప్పారు. ఆ తీర్పు వల్లనే ఆ ఏడు పాస్‌పోర్టు చట్టం వచ్చింది. మరునాడు, ఏప్రిల్ 11న, రాజీనామా చేశారు. పదవీ విరమణకు మూడు నెలలే ఉంది. ప్రతిపక్షాల అభ్యర్థిగా రాష్ట్రపతి పదవికి పోటీకి దిగారు.

ఇలాంటిది లోకంలో అంతకుముందొకసారి జరిగింది. అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తి చార్లెస్ ఎవాన్స్ హ్యూస్ 1916 జూన్‌లో రాజీనామా చేసి, ఉడ్రో విల్సన్ మీద అధ్యక్ష పదవికి పోటీ చేశారు. 277కు 254 ఓట్ల తేడాతో ఓడిపోయారు. ఒక్క కాలిఫోర్నియాలో నాలుగు వేల లోపు ఓట్లు అటూ ఇటూ అయివుంటే ఆయనే అధ్యక్షుడు. కానీ ఆయనకు తిరుగుదారి దొరికింది. 1921లో విదేశాంగ మంత్రి అయ్యారు, 1930లో అదే సుప్రీంకోర్టుకు ప్రధాన న్యాయమూర్తిగా తిరిగి వచ్చి, 1941 దాకా ఉన్నారు.

మన సుబ్బారావుగారికి తిరుగుదారి లేదు. 1967 మే 6న ఎన్నిక. ఎదుట నిలిచినది డాక్టర్ జాకీర్ హుస్సేన్. ఆయన పుట్టింది మా హైదరాబాదులోనే. జాకీర్ హుస్సేన్‌కు 4,71,244 ఓట్లు, సుబ్బారావుగారికి 3,63,971. ఆ ఫలితం రేడియోలో విన్న రోజు నాకు లీలగా గుర్తు. నాన్నగారు అన్నం సగంలో వదిలేసి లేచారు. ఓడిపోయినందుకు బాధ అనుకున్నాను. చాలా ఏళ్ళకు అడిగితే, "ఓడినందుకు కాదు, నిలబడినందుకు" అన్నారు. తీర్పు చెప్పిన నెలన్నరకే ప్రతిపక్షాల అభ్యర్థి అయితే, ఆ తీర్పు మీద కూడా జనం అనుమానపు నీడ వేస్తారని ఆయన దిగులు. అలా అన్నవాళ్ళు ఉన్నారు కూడా. న్యాయమూర్తి ఉద్దేశం ఎంత స్వచ్ఛమైనదైనా ఆ అనుమానానికి చోటివ్వకుండా ఉండాల్సిందని నాకూ అనిపిస్తుంది. ఇష్టమైన మనిషి కదా అని ఈ మాట దాటవేయలేను.

ఆ తరువాత జరిగినది చూస్తే మాత్రం ఆశ్చర్యం వేస్తుంది. ఆయన నెగ్గిన మహాతీర్పు ఆరేళ్ళే నిలిచింది. 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో పదమూడుమంది ధర్మాసనం గోలక్‌నాథ్‌ను తోసిపుచ్చింది. అయితే రాజ్యాంగపు మౌలిక స్వరూపాన్ని మార్చే అధికారం పార్లమెంటుకు లేదని ఏడుగురు అన్నారు. అంటే ఆయన కట్టిన గోడ కూలింది గాని పునాది వేరే రూపంలో మిగిలింది. ఆ ఏడుగురిలో మా హైదరాబాదు జస్టిస్ పి. జగన్మోహన్ రెడ్డి ఒకరు.

ఓడిన తీర్పులు మాత్రం నెమ్మదిగా నెగ్గుతూ వచ్చాయి. దేవదాసన్ కేసులో ఆయన ఒక్కరే అన్న మాటను 1975లో థామస్ కేసులో కొందరు న్యాయమూర్తులు అందుకున్నారు. 1992 నవంబరు 16న ఇంద్రా సాహ్నీ కేసులో తొమ్మిదిమంది ధర్మాసనం అధిక సంఖ్యతో, రిజర్వేషన్ల అధికరణం సమానత్వానికి మినహాయింపు కాదని ఒప్పుకుంది. ఇక ఖరక్ సింగ్. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా, గోప్యత ప్రాథమిక హక్కేనని ప్రకటించారు. 1962లో అధిక సంఖ్యాకులు దానిపై చెప్పింది తప్పనీ, సుబ్బారావుగారిదే సరైన దారి అనీ తేల్చారు. యాభై నాలుగేళ్ళ ఎనిమిది నెలలు పట్టింది.

అదే తీర్పులో మరొక పాత మచ్చనూ చెరిపేశారు. ఎమర్జెన్సీ రోజుల్లో, 1976 ఏప్రిల్ 28న, నిర్బంధంలో ఉన్నవాడికి కోర్టు తలుపు తట్టే హక్కు లేదని నలుగురు న్యాయమూర్తులు అన్నప్పుడు జస్టిస్ ఖన్నా ఒక్కరే కాదన్నారు. ఆ తీర్పు వచ్చిన ఎనిమిది రోజులకు, మే 6న, సుబ్బారావుగారు కన్నుమూశారు. రాష్ట్రపతి ఎన్నిక జరిగిన రోజుకు సరిగ్గా తొమ్మిదేళ్ళు. చీకటి చిక్కబడ్డ వేళ వెళ్ళిపోయారు. ఆయన మాటా ఖన్నాగారి మాటా ఒకేరోజున, ఒకే తీర్పులో నెగ్గుతాయని అప్పుడు ఎవరు ఊహించగలరు!

హ్యూస్ 1928లో తన పుస్తకంలో అసమ్మతి తీర్పు గురించి ఒక మాటన్నారు. అది రానున్న కాలపు వివేకానికి పెట్టుకున్న అర్జీ అని దాని భావం. నాన్నగారు ఆ పుస్తకం చదవలేదు. అయినా ఎప్పుడో చదివేవాడి కోసం అక్షరం అక్షరం సరిచూస్తూ, ఆ అర్జీని భద్రంగా ముందు తరాలకు అందించే పనిలోనే జీవితమంతా గడిపారు.

నాన్నగారు పోయాక ఆయన పెట్టె సర్దుతుంటే నా అరపేజీ కాగితం దొరికింది. ఆ రోజు చొక్కా ఉతకడానికి వేసేముందు జేబులోంచి తీసి దాచినట్టున్నారు. ఎప్పుడూ నాకు చెప్పలేదు. మడత పెట్టినచోట అక్షరాలు చెరిగాయి. వెనక వైపు పెన్సిలుతో, ఆయన అలవాటు ప్రకారం, రెండు అక్షరదోషాలు దిద్ది ఉన్నాయి.

ఆ కాగితానికి ముద్ర లేదు, తేదీ లేదు, ఏ ఫైల్లోనూ దానికి చోటు లేదు. ఎవరికీ కాపీ ఇవ్వడానికి పనికిరాదు. ఇప్పుడు మలక్‌పేట మీదుగా మెట్రో రైలు పోతోంది. రేసుకోర్సు గోడ ఇంకా ఉంది. ఆ దారిన వెళ్ళినప్పుడల్లా, ముగ్గురిలో ఇద్దరు ఎలాగూ ఒకవైపున్నారుగదా అన్న నా పాత సమాధానం గుర్తుకొస్తుంది. ఆరుగురిలో నలుగురు ఒకవైపున్నారని సుబ్బారావుగారికీ తెలుసు. అయిదుగురిలో నలుగురు ఒకవైపున్నారని కూడా తెలుసు. అయినా ఆయన రాశారు.

మీలో ఎవరైనా ఏదో ఒక బల్ల దగ్గర చివరి సంతకం కోసం కలం పట్టుకుని ఉంటే, జేబులో మడిచిన కాగితం ఏదైనా ఉంటే, దయచేసి దాన్ని ఫైల్లో పెట్టండి. నెగ్గడం సంగతి తరువాత. ముందు అది అక్కడ ఉండాలి.